ఆంతొనీ నారిస్ గ్రోవ్స్: మనస్సు మార్చుకొనిన సేవకుడు



మచిలీపట్నము పేరు చెప్పగానే మన సంఘములలోని పెద్దలకు నోబులు దొరగారు జ్ఞాపకమునకు వచ్చును. 1841లో రాబర్ట్ నోబులు, హెన్రీ ఫాక్సు అను ఇద్దరు సి.ఎం.ఎస్. పక్షమున ఆ పట్నమునకు వచ్చిరి. 1843లో నోబులుగారు తెరచిన బడియే తరువాత కళాశాల అయినది. ఇది మన సండేస్కూలు పిల్లలకు సైతము తెలిసిన సంగతి. అయితే వారికి ఐదేండ్లు ముందుగానే మరి రెండు కుటుంబములు మన దేశమునకు వచ్చి, ఆ మచిలీపట్నములోనే కాలూని, తెలుగు అక్షరములు దిద్దుకొనినవని ఎందరికి తెలియును? విలియం బౌడెన్, జార్జి బీర్ అనువారు ఇంగ్లాండులోని బార్న్‌స్టేపుల్ అను ఊరినుండి భార్యలతో కూడ వచ్చిరి. వారిని పంపిన సొసైటీ ఏదియు లేదు. నెలనెలా వచ్చు జీతము లేదు. కొంతకాలము బందరులో ఉండి, తరువాత గోదావరి సముద్రములో కలియు దాపున నరసాపురము చేరి అక్కడ స్థిరపడిరి. గోదావరి డెల్టా మిషను వారితోనే ఆరంభమైనది.

ఈ ఇద్దరిని తనతో కూడ 1836లో ఓడ ఎక్కించి తీసికొని వచ్చిన మనుష్యుడు ఒకడున్నాడు. ఆయన పేరు ఆంతొనీ నారిస్ గ్రోవ్స్. ఆయన బందరులో కాపురముండలేదు. మన తెలుగు దేశపు దక్షిణపు అంచున చిత్తూరులో ఉండెను. ఆయనను గూర్చి ఈ నెల మీతో మాటలాడగోరుచున్నాను.

దీనికి నా స్వంత కారణము ఒకటి కలదు. దాచుకొనక ముందే చెప్పెదను. నేను దివిసీమలో ఒక చిన్న సంఘమునకు కాపరిని. కొన్ని నెలల క్రిందట వర్షములకు డొంక మునిగి, కాలువ అవతలి మందిరమునకు పోవు త్రోవ లేక, ఒక ముసలమ్మ మా ఆరాధనకు వచ్చినది. ఆమె వేరొక సహవాసమునకు చెందినది. ఆ దినము ప్రభువు బల్ల. నేను రొట్టె పళ్లెము చేత పట్టుకొని వరుస వెంబడి వచ్చుచుండగా సంఘపు పెద్ద ఒకరు నా చెవిలో, "అయ్యగారూ, ఆమె మన వాళ్ల మనిషి కాదండీ" అని చెప్పిరి. నేను పళ్లెమును ఆమె ముందునుండి దాటించితిని. ఆమె కొంగు తలమీదికి లాగుకొని చివరివరకు కూర్చుండి, పోవునప్పుడు "వందనాలు అయ్యగారూ" అని చెప్పి వెళ్లినది. ఆ మాటలో కోపము లేదు. ఉన్నయెడల నాకు కొంత సుళువుగా ఉండెడిది.

ఆ వారమే నా బీరువాలో ఎన్నడో కొని చదువక పెట్టిన పుస్తకములలో గ్రోవ్స్‌గారి చరిత్ర కనబడినది.

గ్రోవ్స్ 1795లో ఇంగ్లాండులో హాంప్‌షైరు అను జిల్లాలో జన్మించెను. దంతవైద్యము నేర్చుకొని మొదట ప్లిమత్‌లోను, పిమ్మట ఎక్సెటర్‌లోను పని చేసెను. 1816లో తన బంధువులలోని మేరీ అను యువతిని వివాహమాడెను. పని బాగుగా సాగినది. ఏడాదికి సుమారు 1500 పౌండ్లు వచ్చుచుండెను. ఆ రోజులలో అది గొప్ప భాగ్యవంతుల రాబడి. ఆయన ఆంగ్లికన్ సంఘములో కట్టుబాటు గల సభ్యుడు. బిషపుగారి చేతులుంచబడనివాడు సువార్త పరిచర్య చేయుట తగదని నమ్మినవాడు. సంఘపు గోడకు బయట ఉన్నవారిని గూర్చి ఆయనకు పెద్దగా గౌరవము లేకుండెను. ఈ సంగతిని గుర్తుంచుకొనుడి, ఏలయనగా ఆయన జీవితమంతయు ఈ గోడ చుట్టు తిరిగినది.

యౌవనమునుండి ఆయనకు మిషనెరీగా పోవలెనని ఆశ. మేరమ్మగారికి ఎంతమాత్రము ఇష్టము లేదు. ఆయన ఆమెను బలవంతపెట్టలేదు. చాల సంవత్సరములు ఊరకుండెను. ఈలోగా ఇద్దరు తమ రాబడిలో పదియవ వంతు ఇయ్యసాగిరి. తరువాత నాలుగవ వంతు. తరువాత, ఇంటి ఖర్చునకు మట్టుగా ఉంచుకొని మిగిలినదంతయు. బీదల ఇండ్లకు తిరుగుచుండగా మేరమ్మగారి మనస్సే మారినది. 1825లో గ్రోవ్స్ ఒక చిన్న పుస్తకము అచ్చు వేయించెను. రేపటికని కూడబెట్టవద్దని ప్రభువు చెప్పిన మాటను ఆయన మాట అన్నట్లుగానే తీసికొనవలెనని దాని సారాంశము. జర్మనీనుండి వచ్చిన జార్జి ముల్లర్ అను యువకుడు ఈ దంతవైద్యుని సంగతి విని మిక్కిలి కదలెను. 1830లో ఆ ముల్లరే గ్రోవ్స్ చెల్లెలిని పెండ్లి చేసికొనెను. బ్రిస్టలులో వేలాది అనాథ పిల్లలను ప్రార్థనతో పోషించిన ముల్లర్‌గారు ఆయనే.

ఇక మనస్సు మారిన విధము వినుడి. గురుత్వాభిషేకము పొంది సి.ఎం.ఎస్. ద్వారా పోవలెనని ఆయన డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో పేరు వ్రాయించుకొని, ఎక్సెటర్‌లో చదువుకొనుచు పరీక్షలకు మాత్రము సముద్రము దాటి పోవుచుండెను. 1827లో ఒక పరీక్షకు బయలుదేరవలసిన సమయమున రాత్రి ఇంట్లో దొంగలు పడిరి. ప్రయాణమునకు పెట్టుకొనిన 40 పౌండ్లు పోయెను. పన్ను కట్టుటకు వేరుగా ఉంచిన 16 పౌండ్లు మాత్రము పోలేదు. ఈ చదువు అవసరమా అని మేరమ్మగారు అంతకు మునుపే అడుగుచుండిరి. ప్రయాణపు సొమ్ము పోయి పన్ను సొమ్ము మిగిలినది గనుక, ప్రయాణము మాని పన్ను కట్టుమని దేవుడు చెప్పెనని ఆయన నవ్వుచు తీసికొని డబ్లిన్ చదువు విడిచెను. మనలో దొంగతనము జరిగినయెడల పోలీసు స్టేషనుకు పోదుము. ఆయన మోకాళ్ల మీదికి పోయెను.

చదువు విడిచినను అభిషేకపు ఆశ విడువలేదు. అప్పుడు ఒక స్నేహితుడు అడిగెను: నీవు యుద్ధము క్రైస్తవునికి తగదని నమ్ముదువు గదా, అట్లయితే మన సంఘపు 39 విశ్వాస సూత్రములలో క్రైస్తవులు అధికారి ఆజ్ఞచొప్పున ఆయుధము పట్టవచ్చునని ఉన్నదే, దానికి ఎట్లు సంతకము చేయుదువు? గ్రోవ్స్ అంతవరకు ఆ సంగతి ఆలోచింపనే లేదు. ఆలోచించి, సంతకము చేయలేనని చెప్పెను. సరే, అభిషేకము లేకుండ సామాన్య విశ్వాసిగానే పోవుదునని సొసైటీవారిని అడిగెను. పోవచ్చును గాని, గురువు లేని చోట ప్రభువు బల్లను ఆచరించుటకు నీకు అధికారము లేదని వారు చెప్పిరి. కొన్ని దినములు ఆయన మనస్సు నలిగిపోయెను. పిమ్మట ఒకనాడు, సువార్త చెప్పుటకు మనుష్యుల చేతినుండి పొందు ఏ అభిషేకమును అక్కరలేదను తలంపు కలిగి, తనమీదనుండి కొండ ఎత్తివేసినట్లు ఉండెనని చెప్పుకొనెను.

చదువరులారా, నేను సెమినరీలో చదువుకొని అభిషేకము పొందినవాడను. ఈ మాట నాకు సుళువుగా మింగుడుపడదు. అభిషేకము వ్యర్థమని నేను చెప్పుటలేదు. అయితే ఆయన ఈ నిర్ణయమునకు వచ్చిన త్రోవను చూడుడి. ఒక్కొక్క మెట్టులో ఆయన లాభము పొందలేదు. ఆదాయము పోయినది, పదవి పోయినది, సొసైటీ అండ పోయినది. మనస్సు మార్చుకొని లాభపడినవారిని మన ఊళ్లలో చాలమందిని చూచితిమి గనుక ఈ సంగతి వ్రాయుచున్నాను.

ఆ దినములలోనే డబ్లిన్‌లో కొందరు విశ్వాసులు వేరు వేరు సంఘములవారై యుండియు, ఇండ్లలో కూడుకొని మాటలాడుకొనుచుండిరి. శిష్యులు ఏ గురువు కొరకును కనిపెట్టక, ప్రతి ఆదివారము కలిసి రొట్టె విరుచుటకు స్వతంత్రులని గ్రోవ్స్ వారితో చెప్పెను. బ్రదరన్ సహవాసములు అని నేడు మనము పిలుచువాటికి ఇది ఒక వేరు. ఆ గుంపులో జాన్ నెల్సన్ డార్బీ అను పాదిరిగారును చేరిరి. ఆయనను గూర్చి తరువాత చెప్పెదను.

అది అట్టి కాలము. మొదటి శతాబ్దపు సంఘమును తిరిగి కట్టవలెనని అనేక దేశములలో అనేకులు వెదకుచుండిరి. అమెరికాలో కేంబెల్‌గారి అనుచరులు అదే పనిలో ఉండిరి. వారితో కలిసి పని చేసిన సిడ్నీ రిగ్డన్ అను బాప్తిస్టు బోధకుడు 1830లో వారిని విడిచి, అదే సంవత్సరము జోసెఫ్ స్మిత్ స్థాపించిన మొర్మను సంఘములో చేరి, దానిలో గొప్ప నాయకుడయ్యెను. 1844లో స్మిత్ చంపబడిన తరువాత ఆ స్థానము తనకు రానందున వేరుపడి మరియొక సంఘమును పెట్టెను. రిగ్డన్ మారిన ప్రతిసారియు ఒక క్రొత్త గోడ లేచినది. గ్రోవ్స్ మారిన ప్రతిసారియు ఒక గోడ కూలినది. ఇద్దరును మనస్ఫూర్తిగానే వెదకిరేమో. ఆ తీర్పు నాది కాదు.

1829 జూనులో గ్రోవ్స్ భార్యతోను, ఇద్దరు చిన్న కుమారులతోను, మరికొందరితోను బయలుదేరి, రష్యా మీదుగా బాగ్దాదు చేరెను. ఆయనతో పోయినవారిలో జాన్ కిట్టో అను చెవిటి యువకుడును ఉండెను. అతడు పిల్లలకు చదువు చెప్పుటకు వెళ్లినవాడు. తరువాత బైబిలు పండితుడుగా పేరుపొందెను. 1831లో బాగ్దాదులో ప్లేగు పుట్టినది. దానిమీద టైగ్రిసు నది పొంగి, పట్టణపు గోడ కూలి, ఒక్క రాత్రిలో వేలాది ఇండ్లు పడిపోయెను. దానిమీద ముట్టడి, కరువు. పట్టణములో సగముకంటె ఎక్కువమంది చనిపోయిరి. మే 14న మేరమ్మగారు ప్లేగుచేత ప్రభువునొద్దకు వెళ్లిరి. కొన్ని నెలలలో పసిబిడ్డయు పోయెను. ఎక్సెటర్‌లో రావద్దని ఎన్నో ఏండ్లు చెప్పిన ఆమెయే, ఇష్టపడి వచ్చి, అక్కడ మన్ను అయ్యెను. ఆయన ఆ దినములలో వ్రాసిన దినచర్య ఇంగ్లాండులో అచ్చయినది. దానిలో ఆయన తన దుఃఖమును దాచుకొనలేదు.

మరుసటి సంవత్సరము ఆయనకు సహాయముగా వచ్చినవారిలో ఫ్రాన్సిస్ న్యూమన్ అను పండితుడు ఒకడు. అతడును గొప్ప ఆసక్తితో వచ్చెను. ఇంగ్లాండుకు తిరిగి వెళ్లిన తరువాత కొలదికొలదిగా విశ్వాసమును విడిచి బుద్ధివాదియయ్యెను. అతని అన్న జాన్ హెన్రీ న్యూమన్ ఆంగ్లికన్ గురువుగా ఉండి 1845లో రోమను సంఘములో చేరెను. ఒక్క తల్లి బిడ్డలు, ఇద్దరు రెండు దిక్కులకు! మనస్సు మారుట అనునది ఎటు తీసికొని పోవునో ముందుగా చెప్పుట కష్టము.

1833లో బాగ్దాదు మీదుగా మద్రాసు ఇంజనీర్ల దళములోని ఒక యువ అధికారి ఇండియాకు తిరిగి వచ్చుచుండెను. ఆయనతో కలిసి గ్రోవ్స్ మొట్టమొదట మన దేశమునకు వచ్చెను. ఆ అధికారి పేరు వినినయెడల మీరు లేచి నిలువబడుదురు: ఆర్థర్ కాటన్. ఆ కాలముననే గుంటూరు ప్రాంతమును నందన కరువు మాడ్చివేయుచుండెను. మన పెద్దలు దానిని డొక్కల కరువు అందురు. ఆ కాటన్ దొరగారు తరువాత గోదావరికి ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించిరి. 1847లో ఆరంభమైన ఆ పని 1852లో ముగిసినది. బెజవాడవద్ద కృష్ణ ఆనకట్టయు ఆయన తలంపుచొప్పున 1855లో పూర్తియైనది. గుడివాడ మాగాణికి పారు నీరును, పులిగడ్డ అక్విడక్టు దాటి మన దివికి వచ్చు నీరును ఆ తలంపునుండి పుట్టినదే. ధవళేశ్వరములో వేలాది కూలివారు పని చేయుచుండగా గోదావరి డెల్టా మిషనువారు వారి మధ్యకు పోయి సువార్త చెప్పిరి.

మొదటి రాకలో గ్రోవ్స్ ఇండియాలో అన్ని మిషనుల వారిని చూచుచు తిరిగెను. లండను మిషను, సి.ఎం.ఎస్., బాప్తిస్టు, లూథరను, అందరి ఇండ్లలో భోజనము చేసెను, అందరితో ప్రార్థించెను. పిమ్మట ఇంగ్లాండుకు వెళ్లి, హారియెట్ అను ఆమెను వివాహమాడి, 1836లో మరల వచ్చెను. బౌడెన్, బీర్ కుటుంబములు వచ్చినది ఈ ఓడలోనే. హెర్మన్ గుండర్ట్ అను జర్మను యువకుడును అదే ఓడలో వచ్చెను. ఆయన తరువాత మలయాళ దేశమునకు పోయి ఆ భాషకు నిఘంటువు కట్టెను. ఒక్క మనుష్యుని చుట్టు ఎంతమంది!

ఆ ఓడ బయలుదేరక మునుపు, 1836 మార్చిలో, గ్రోవ్స్ డార్బీగారికి ఒక ఉత్తరము వ్రాసెను. ఆయన వ్రాసిన సమస్తములో నన్ను పట్టుకొనినది ఇదే. దాని భావమును నా మాటలలో చెప్పెదను. మనము మొదట కూడుకొనినప్పుడు క్రీస్తు జీవము ఎవనిలో ఉన్నదో వాడు మన సహోదరుడు అనుకొంటిమి. ఇప్పుడు మనకున్న తెలివి వానికున్నదా అని చూచుచున్నాము. మనము దేనికి సాక్షులమో అది మరుగైపోయి, దేనికి విరోధులమో దానినిబట్టి గుర్తింపబడు దినము వచ్చుచున్నది. ఇతరులలోని తప్పులను భరించుటయైనను నాకు మేలు గాని, వారిలోని మంచినుండి వేరైపోవుట నాకు ఇష్టము లేదు. ఇది ఆ ఉత్తరపు భావము. సంఘపు గోడ వెలుపలి వారిని చిన్నచూపు చూచిన ఎక్సెటర్ దంతవైద్యుడే దీనిని వ్రాసెను. గోడ విడిచి వచ్చినవారు క్రొత్త గోడ కట్టుచుండగా చూచి వ్రాసెను.

ఆయన భయపడినట్లే జరిగినది. 1848లో ప్లిమత్, బ్రిస్టలు సహవాసముల మధ్య తగవు పుట్టి, డార్బీగారు ముల్లర్ సంఘమును, దానితో సహవాసము చేయు ప్రతి సంఘమును వెలివేసిరి. ఆ చీలిక నేటికిని పూర్తిగా మానలేదు. వెలివేయబడినవారి బల్లయొద్ద గ్రోవ్స్ కూర్చుండెను.

ఆయన చేసినదంతయు సరియని నేను చెప్పను. మిషనెరీ తన చేతులతో సంపాదించి బ్రతుకవలెనని, పౌలుగారు డేరాలు కుట్టినట్లు తాను చిత్తూరులో పొలము తీసికొని పట్టుపురుగుల పెంపకము పెట్టెను. దానికి అప్పు చేసెను. నష్టము వచ్చినది. సువార్త కొరకు విడిచిన ధనము చింతయే అప్పురూపమున తిరిగి వచ్చి ఏండ్ల తరబడి ఆయన సమయమును తినివేసినది. రేపటిని గూర్చి కూడబెట్టవద్దని పుస్తకము వ్రాసినవాడు వడ్డీ లెక్కలు వేయుచు కూర్చుండవలసి వచ్చెను. వ్యవసాయము ఎరిగిన మీకు ఈ కష్టము నేను వర్ణింపనక్కరలేదు. మరియు ఆయన బోధను విని చాలమంది మిషనెరీలు ఆయనను అనుమానించిరి. మా విశ్వాసులను చెదరగొట్టుటకు వచ్చెనని అనిరి. ఒక గోడ లేకుండ సంఘము నిలుచునా అని వారు అడిగిన ప్రశ్న మూర్ఖమైనది కాదు. కాపరిగా నేనును అడుగుదును.

అయినను ఆయన నాటినవి కొన్ని నిలిచినవి. తిరునెల్వేలి దేశస్థుడు అరుళప్పన్ అను తమిళ సహోదరుడు ఆయనయొద్ద నేర్చుకొనెను. జీతము ఇచ్చెదనన్నను పుచ్చుకొనక, తన దేశములో తన జనులమధ్య స్వతంత్రముగా సంఘము కట్టెను. 1860లో అక్కడ గొప్ప ఉజ్జీవము కలిగెను. దొరల అనుమతి లేకుండ, దొరల డబ్బు లేకుండ ఇండియా దేశస్థుడు సంఘమును నడుపగలడని అంత ముందుగా నమ్మిన తెల్లవారు మిక్కిలి కొద్దిమంది. నరసాపురములో బౌడెన్, బీర్‌ల పని వారి పిల్లల చేతికి వచ్చి సాగినది. గ్రోవ్స్ మాత్రము 1852లో జబ్బుతో ఇంగ్లాండుకు తిరిగి వెళ్లి, 1853 మే 20న బ్రిస్టలులో ముల్లర్‌గారి ఇంట కన్నుమూసెను. ఆయన వయస్సు 58. తన జీవితము పెద్దగా ఫలింపలేదని ఆయన తలంచుచుండెను.

ఇప్పుడు మన సంగతి. దివిసీమలో బాప్తిస్టులున్నారు, సి.ఎస్.ఐ. వారున్నారు, సహవాస మందిరములున్నవి, ఇంకను అనేక పేర్లతో ఉన్నవారున్నారు. ఒకే మాలపల్లెలో, ఒకే మాదిగపల్లెలో మూడు మందిరములు, మూడు మైకులు. పెండ్లికి వత్తుము, చావుకు వత్తుము, బల్లయొద్దకు మాత్రము రానియ్యము. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను చిన్నవాడను. మా నాయన నన్ను భుజము మీద వేసికొని మిట్టకు పరుగెత్తిన సంగతి లీలగా జ్ఞాపకము. నీరు తీసిన తరువాత శవములను గుంపుగా పూడ్చిరి, కాల్చిరి. వీరు ముంపు బాప్తిస్మము పొందినవారా, చిలకరింపు పొందినవారా అని ఎవరును విడదీయలేదు. బ్రతికినవారము ఒకే గంగాళములోని గంజి త్రాగితిమి. ఆ గంజి ఎవరి చేతినుండి పుచ్చుకొంటిమో మా అమ్మ చనిపోవువరకు చెప్పుచుండెడిది. వారు మా సంఘమువారు కారు.

గ్రోవ్స్ చరిత్ర మూసిన మరునాడు నేను కాలువ దాటి ఆ ముసలమ్మ ఇంటికి వెళ్లితిని. ఆమె పెరటిలో గోంగూర కోయుచుండెను. నేను వచ్చిన పని చెప్పితిని; క్షమించుమంటిని. ఆమె చేతులు కడుగుకొని, నన్ను మంచము మీద కూర్చుండబెట్టి, "అదేంటి అయ్యగారూ, మా మందిరంలో అయినా మీవాళ్లకు అట్లాగే చేస్తారు గదా" అన్నది. ఆ మాటకు నేను ఏమి చెప్పవలెనో నాకు తోచలేదు. మజ్జిగ ఇచ్చినది, త్రాగితిని.

తిరిగి వచ్చి మా సంఘపు పెద్దల కూటములో ఈ సంగతి ఎత్తితిని. ఇద్దరు ఒప్పుకొనిరి. ఒకరు, నియమావళి తీసి చూపిరి. మిగిలినవారు ప్రార్థించి చెప్పెదమనిరి. చెవిలో నాకు చెప్పిన పెద్దగారు ఏమియు మాటలాడలేదు. ఆ సాయంకాలము మాత్రము ఆ గ్రోవ్స్ పుస్తకము ఒకసారి ఇయ్యమని అడిగి తీసికొనిపోయిరి. ఇంకను తిరిగి ఇయ్యలేదు. వచ్చు నెల మొదటి ఆదివారము మాకు బల్ల ఉన్నది.